తుడిచివేతే పని: అబ్‌స్టెర్గో ఎంటర్‌టైన్‌మెంట్ కేస్ స్టడీ

వీడియో గేమ్‌లకు కథ, సంభాషణలు రాయడం నా వృత్తి. కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఈ పని నేర్చుకునేవారికి పాఠాలు కూడా చెబుతున్నాను. మా తరగతిలో మొదటి నెలలోనే ఒక కంపెనీని క్షుణ్ణంగా చదివిస్తాను. ఆ కంపెనీ ప్రపంచంలో ఎక్కడా లేదు. దాని పేరు అబ్‌స్టెర్గో ఎంటర్‌టైన్‌మెంట్. ఫ్రెంచి సంస్థ యూబీసాఫ్ట్ తన ‘అస్సాసిన్స్ క్రీడ్’ ఆటల వరుసలో దాన్ని కల్పించింది. వీడియో గేమ్‌లు తయారు చేసి, వాటితో జనం ఆలోచనను తనకు కావలసిన వైపు తిప్పుకోవడం ఆ కంపెనీ వ్యాపారం.

లేని కంపెనీ మీద ఇంత శ్రమ ఎందుకో ముందు చెప్పాలి. ఈ వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక పారిశ్రామిక సంస్థ కోసం పిల్లల ఆట రాశాను. ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో పిల్లలకు తెలియజెప్పడం దాని ఉద్దేశం. చెరువు, ట్యాంకు, కుళాయి, చేతిపంపు అన్నీ పెట్టాం. ఫ్యాక్టరీ వైపు నుంచి చెరువులో కలిసే కాలువ కూడా మేం గీసిన పటంలో ఉంది. ‘పటం గజిబిజిగా ఉంది, ఆ కాలువ తీసేయండి’ అని ఒక్క వాక్యం వచ్చింది. తీసేశాను. ఆటలో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆడిన పిల్లల్లో ఒక్కరు కూడా కాలువ ఏదని అడగలేదు. కనిపించని దాని గురించి ఎవరు అడుగుతారు? అందులో నేను చేసిన తప్పేమిటో అప్పట్లో నాకు మాటల్లో పెట్టడం రాలేదు. తరువాత యూబీసాఫ్ట్ ఆటలో అబ్‌స్టెర్గో ఆఫీసులో తిరుగుతున్నప్పుడు ఆ మాటలు దొరికాయి.

కంపెనీ పుట్టుక

ఈ ఆటల కథలో రెండు రహస్య వర్గాలు ఉంటాయి. మనుషులను అదుపులో పెడితేనే లోకం బాగుపడుతుందని టెంప్లర్లు నమ్ముతారు. స్వేచ్ఛ లేని బాగు బాగే కాదని అస్సాసిన్లు నమ్ముతారు. టెంప్లర్ల ఆధునిక ముఖం అబ్‌స్టెర్గో ఇండస్ట్రీస్. 2007లో వచ్చిన మొదటి ఆట నుంచీ అది కథలో ఉంది. ఆ కంపెనీ దగ్గర అనిమస్ అనే యంత్రం ఉంటుంది. మనిషి డీఎన్ఏలో దాగిన పూర్వీకుల జ్ఞాపకాలను అది చదివి, ఆడదగిన ప్రపంచంగా మారుస్తుంది. మొదట్లో ఆ వంశంలో పుట్టినవాడే యంత్రంలో పడుకోవాలి. డెస్మండ్ మైల్స్ అనే యువకుణ్ణి ఎత్తుకొచ్చింది అందుకే. 2012 డిసెంబర్ 21న అతను చనిపోతాడు. అతని శరీరం నుంచి తీసిన జన్యు నమూనాలతో కంపెనీ పని కొనసాగుతుంది. ఇప్పుడు వంశం అక్కరలేదు, జీతానికి వచ్చిన ఏ ఉద్యోగి అయినా ఆ జ్ఞాపకాల్లోకి దిగవచ్చు.

వినోద విభాగం ఆ తరువాతి పని నిలబడింది ఈ మార్పు మీదే. ఒకరి తాత ముత్తాతల జీవితం మరొకరికి ముడిసరుకు అయింది. దాన్ని కోసి, కడిగి, ఆటగా అమ్ముతారు. ‘అబ్‌స్టెర్గో’ అన్న లాటిన్ మాటకు ‘తుడుస్తాను’ అని అర్థం. ఈ కేసంతా ఆ ఒక్క క్రియాపదంలో ఉంది. ప్రచారం అనగానే మనం గోడ మీద రాసేవాణ్ణి ఊహించుకుంటాం. ఈ కంపెనీ గోడ మీద ఏమీ రాయదు. ఉన్న రాతలో కొంత తుడిచి, మిగిలినదాన్ని మన చేతికిస్తుంది.

మొదటి సరుకు: ‘లిబరేషన్’

2012 అక్టోబర్‌లో ప్లేస్టేషన్ వీటా అనే చేతిలో ఇమిడే ఆట యంత్రం మీద ‘లిబరేషన్’ వచ్చింది. బల్గేరియాలోని యూబీసాఫ్ట్ సోఫియా స్టూడియో దాన్ని తయారు చేసింది. ఆ ఆట తనను తాను అబ్‌స్టెర్గో ఎంటర్‌టైన్‌మెంట్ విడుదల చేసిన సరుకుగా చూపించుకుంటుంది. అంటే ఆడే మనిషి మొదటి బటన్ నొక్కిన క్షణం నుంచే ఆ కంపెనీ వినియోగదారు.

కథానాయిక ఆవెలిన్. పద్దెనిమిదో శతాబ్దపు న్యూ ఆర్లియన్స్‌లో ఫ్రెంచి వర్తకుడికీ, బానిసగా వచ్చిన ఆఫ్రికా స్త్రీకీ పుట్టిన అమ్మాయి. ఆమె అస్సాసిన్. కంపెనీ ఆమెను దాచలేదు, దుష్టురాలిగా చూపలేదు. బానిసత్వాన్ని కూడా దాచలేదు. ఆమె ధైర్యం, తెలివి, కోపం అన్నీ అలాగే ఉంచారు. కథను మాత్రం ఒకచోట ఆపేశారు. కంపెనీ ఇచ్చిన ముగింపులో ఆవెలిన్ తన వర్గాన్ని విడిచి, సవతి తల్లి మాడలిన్ నడిపే టెంప్లర్ల వైపు చేరిపోతుంది. ఇన్ని గంటలు ఆమెతో నడిచిన మనకు అది సహజమైన నిర్ణయంగానే తోస్తుంది. ఆమె విసిగిపోయింది, గురువు మీద నమ్మకం పోయింది, ఇక ఇదే దారి అనిపిస్తుంది.

ఆటలో అక్కడక్కడా ‘సిటిజన్ ఈ’ పేరుతో ఒక మనిషి కనిపిస్తాడు. ఎరుడిటో అనే హ్యాకర్ల బృందం ఆ సరుకులోకి దూర్చిన రూపం అది. అతన్ని వెతికి పట్టుకుని చంపితే, మనం ఇదివరకు చూసిన సన్నివేశం పూర్తి రూపంలో మళ్లీ కనిపిస్తుంది. అతను కనిపించే ప్రతిచోటా పట్టుకున్నవారికి అసలు ముగింపు దక్కుతుంది. ఆవెలిన్ టెంప్లర్లలో చేరడం ఒక ఎత్తుగడ మాత్రమే. ఆ తరువాతి క్షణంలో ఆమె మాడలిన్‌ను చంపుతుంది. కంపెనీ తీసేసింది ఆ కాసింత భాగమే.

తరగతిలో ఈ రెండు ముగింపులనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మొదటిదాంట్లో అబద్ధం ఎక్కడుందో చూపమంటాను. ఎవరూ చూపలేరు. చూపించిన ప్రతి క్షణం జరిగినదే. ఒక మనిషి జీవితాన్ని ఆమె శత్రువులకు అనుకూలమైన చోట ఆపేయడమే ఆ మోసం. నా కాలువ ఇక్కడే గుర్తుకొచ్చింది.

రెండో సరుకు: సముద్రపు దొంగలు

2013 అక్టోబర్‌లో వచ్చిన ‘బ్లాక్ ఫ్లాగ్’ మనల్ని వినియోగదారు కుర్చీలోంచి లేపి ఉద్యోగి కుర్చీలో కూర్చోబెట్టింది. కంపెనీ ఆఫీసు కెనడాలోని మాంట్రియల్‌లో ఉంటుంది. ఈ ఆటను ప్రధానంగా తయారు చేసిన నిజమైన స్టూడియో ఉన్నదీ మాంట్రియల్‌లోనే. తమ ఊరిలోనే, తమ వృత్తిలోనే ఆ కంపెనీని పెట్టుకున్న తయారీదారుల తెగువను నేను మనసారా గౌరవిస్తాను.

మనకు పేరు ఉండదు, ముఖం ఉండదు, గొంతు కూడా ఉండదు. కొత్తగా చేరిన విశ్లేషకులం. మెలనీ లెమే అనే పై అధికారి ఆఫీసంతా తిప్పి చూపిస్తుంది, చేతికి ఒక ట్యాబ్లెట్ ఇస్తుంది, పని బాగుందని మెచ్చుకుంటుంది. డెస్మండ్ పూర్వీకుడు ఎడ్వర్డ్ కెన్‌వే జ్ఞాపకాల్లోకి దిగి, కరీబియన్ సముద్రపు దొంగల మీద తీయబోయే వినోద చిత్రానికి దృశ్యాలు సేకరించడం మన ఉద్యోగం. ఎడ్వర్డ్ వెతికిన అబ్జర్వేటరీ అనే ప్రాచీన స్థలం ఎక్కడుందో కనిపెట్టడం కంపెనీ అసలు అవసరం. అది మనకు చెప్పరు.

తోటి ఉద్యోగుల కంప్యూటర్లలోకి దొంగతనంగా తొంగిచూస్తే లోపలి పత్రాలు దొరుకుతాయి. డెస్మండ్ పూర్వీకుల్లో ఎవరు సరుకుగా పనికొస్తారో, ఎవరు పనికిరారో బేరీజు వేసే వీడియోలు వాటిలో ఉంటాయి. బతికి, ప్రేమించి, పోరాడి పోయిన మనుషుల మీద మార్కెట్ అంచనాలు అవి. మా తరగతిలో అందరూ ఎక్కువసేపు మౌనంగా కూర్చునేది వీటి దగ్గరే. ఎడ్వర్డ్ జ్ఞాపకాలతో తయారవుతున్న చిత్రం ప్రచార వీడియో కూడా ఆ పత్రాల్లోనే ఉంటుంది. దాని పేరు ‘డెవిల్స్ ఆఫ్ ద కరీబియన్’. దొంగలు దయ్యాలని పేరులోనే తేలిపోయింది.

ఇక్కడ తుడిచివేత ఎంత లోతుగా పోయిందో తెలియాలంటే నిజమైన చరిత్ర తెలిసి ఉండాలి. ఈ ఆటలో ముఖ్యపాత్ర అయిన బార్తొలొమ్యూ రాబర్ట్స్ నిజంగా బతికిన మనిషి. 1722 ఫిబ్రవరిలో ఆఫ్రికా పశ్చిమ తీరంలో నౌకాదళం చేతిలో చనిపోయాడు. అతని ఓడ నియమావళి ఈనాటికీ అందుబాటులో ఉంది. ముఖ్యమైన విషయాల్లో ప్రతి మనిషికీ ఓటు ఉంటుందని అందులో ఉంది. కొల్లగొట్టిన సొమ్ములో కెప్టెన్‌కు రెండు వాటాలే. పనిలో అవయవం పోగొట్టుకున్నవాడికి ఉమ్మడి నిధి నుంచి 800 డాలర్ల పరిహారం. ఆదివారం వాద్యగాళ్లకు సెలవు. ఆ కాలపు వ్యాపార నౌకల్లో నావికుడు కెప్టెన్ కొరడాకు భయపడుతూ బతికేవాడు. ఓటు, వాటా, పరిహారం అన్న మాటలు అతనికి ఎలా వినిపించి ఉంటాయో ఆలోచించండి. అధికారమే క్షేమం అని నమ్మించాలనుకునే కంపెనీకి ఈ నియమావళి కంటే ప్రమాదకరమైన కాగితం లేదు. అందుకే దొంగ ఉంటాడు, కత్తి ఉంటుంది, సారా ఉంటుంది, ఓటు ఉండదు.

ఇదే రాబర్ట్స్ మనుషులు 1722 జనవరిలో పశ్చిమ ఆఫ్రికాలోని ఉయిదా రేవులో ఒక బానిసల ఓడను తగలబెట్టారు. గొలుసులు వేసి ఉన్న దాదాపు 80 మంది అందులో ఉన్నారు. ఓటు వేసిన చేతులే ఆ నిప్పూ పెట్టాయి. నియమావళి చదివి మురిసిపోయిన విద్యార్థులకు ఇది తప్పకుండా చెబుతాను. ఓటును తుడిచి దయ్యాలను చేయవచ్చు, ఈ ఓడను తుడిచి వీరులను చేయవచ్చు. రెండింటికీ వాడే గుడ్డ ఒకటే.

నిజాన్నే ఆయుధంగా

2014లో వచ్చిన ‘రోగ్’ ఈ కేసులో నాకు అన్నిటికన్నా భయం కలిగించే భాగం. మళ్లీ అదే ఆఫీసు, అదే మెలనీ. ఈసారి మనం షే కార్మాక్ అనే అస్సాసిన్ జ్ఞాపకాలు చూస్తాం. తన వర్గం పంపిన పని మీద 1755లో లిస్బన్ వెళ్లి, తెలియకుండానే ఆ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపానికి అతను కారణమవుతాడు. ఆ దుఃఖంతో టెంప్లర్ల వైపు తిరుగుతాడు. అబ్‌స్టెర్గో ఈ జ్ఞాపకాలను ఈనాటి అస్సాసిన్లకే పంపిస్తుంది. తమ పెద్దలు ఏం చేశారో చూసి వాళ్లు కుంగిపోవాలని.

ఇందులో కత్తిరింపు కూడా చాలా తక్కువ. జరిగినదే పంపారు. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు చూపాలో మాత్రమే నిర్ణయించారు. ‘నిజమే కదా, చూపితే తప్పేమిటి’ అని ప్రతి సంవత్సరం ఒకరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు నా దగ్గర తొందరపాటు జవాబు లేదు. పంపేవాడు తన పెద్దల తప్పులను కూడా అదే పెట్టెలో పెట్టి పంపాడా అని మాత్రం తిరిగి అడుగుతాను.

కల్పన బయట

అబ్‌స్టెర్గో పుట్టక ముందే ఇలాంటి ఆట నిజంగా ఉంది, అదీ బహిరంగంగా. 1999లో అమెరికా సైన్యం కొత్తవారిని చేర్చుకునే లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఆర్థికశాస్త్రం బోధించే కేసీ వార్డిన్‌స్కీ అనే అధికారి ఆటతో యువకులను ఆకట్టుకుందామని ప్రతిపాదించాడు. 2002 జూలై 4న ‘అమెరికాస్ ఆర్మీ’ ఉచితంగా విడుదలైంది. 2022 మే వరకు నడిచింది.

ఆ ఆట రూపకల్పనలో ఒక ఏర్పాటు ఉంది. నా వృత్తిలో అంతకన్నా పదునైనదాన్ని చూడలేదు. రెండు జట్లు తలపడతాయి. ప్రతి జట్టూ తన తెర మీద తనను అమెరికా సైనికులుగా, ఎదుటి జట్టును శత్రువులుగా చూస్తుంది. ఎదుటివాడి తెర మీద అతనే అమెరికన్, మనమే శత్రువు. ఇరవయ్యేళ్ల పాటు ఎంతోమంది ఆడిన ఆటలో ఏ ఒక్కరూ ఒక్క నిమిషం కూడా అవతలి మనిషి కాలేదు. దీన్ని ఏ సంభాషణా చెప్పదు, ఏ పాత్రా ఉపన్యాసం ఇవ్వదు. నియమాలను మీరితే ఆటలోనే జైలు ఉంది. వైద్య సహాయకుడి పాత్ర కావాలంటే పాఠం విని పరీక్ష రాయాలి. నెత్తురు మాత్రం దాదాపు కనిపించదు. సైన్యం క్రమశిక్షణ అంతా ఉంది, సైన్యం గాయం లేదు.

అబ్‌స్టెర్గో తన యజమానిని దాచింది, ఈ ఆట పేరులోనే పెట్టుకుంది. ఆ తేడా చిన్నది కాదు, ఎవరు మాట్లాడుతున్నారో తెలుసుకునే హక్కు ఆటగాడికి దక్కింది. అయినా తెర మీద అవతలి మనిషి ఎప్పుడూ శత్రువుగానే ఉండిపోయాడు.

కల్పిత ‘సిటిజన్ ఈ’కి నిజజీవితపు అన్నలాంటివాడు ఈ ఆటలోనే ఉన్నాడు. జోసెఫ్ డెలాప్ అనే కళాకారుడు అప్పట్లో అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 2006లో ‘డెడ్ ఇన్ ఇరాక్’ అనే పేరుతో ఆటలోకి వెళ్లాడు. తుపాకి పక్కన పడేసి నిలబడి, ఇరాక్‌లో చనిపోయిన అమెరికా సైనికుల పేర్లు, వయసు, చనిపోయిన తేదీ ఆటగాళ్లు మాట్లాడుకునే చోట టైపు చేస్తూ పోయాడు. ఎవరో ఒకరు అతని పాత్రను కాల్చేవారు. మళ్లీ బతికి మళ్లీ టైపు చేసేవాడు. ఏళ్ల తరబడి అలా 4,000కు పైగా పేర్లు రాశాడు. ఆట తుడిచేసినదాన్ని ఆట లోపలికే తెచ్చి పెట్టాడు. ఈ మనిషి గురించి చెప్పేటప్పుడు నా గొంతు ప్రతిసారీ బరువెక్కుతుంది.

తరగతి గదిలో

ఇవన్నీ చూశాక విద్యార్థులకు ఒక పని ఇస్తాను. మీరు అబ్‌స్టెర్గో ఉద్యోగులు. రంప తిరుగుబాటు మీద ఆట తయారు చేయండి. ఒక్క అబద్ధమూ ఆడకుండా అల్లూరి సీతారామరాజును దోపిడీ దొంగగా చూపండి.

మొదటి గంటలో చాలామంది పాత్ర ముఖం, సంగీతం, మాటల దగ్గర తంటాలు పడతారు. ఒకసారి ఒకమ్మాయి పది నిమిషాల్లో ముగించి కాగితం తెచ్చింది. అందులో రెండే వాక్యాలు ఉన్నాయి. ఆట 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌లో మొదలవుతుంది. ఆటగాడు అక్కడి కానిస్టేబులు. అంతే. దాడి నిజం, తుపాకులు పట్టుకుపోవడం నిజం, మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ మరుసటి రోజు రాజవొమ్మంగి కూడా నిజమే. పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసిన 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అక్కడ లేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనిలో గిరిజనులతో చేయించిన చాకిరీ, ఎగ్గొట్టిన కూలి లేవు. అవన్నీ ఆట మొదలుకావడానికి ముందు జరిగాయి. సర్కారు కాగితాలు దీన్ని ‘ఫితూరీ’ (అల్లరి, తిరుగుబాటు) అన్నది కూడా సరిగ్గా ఈ కోణం నుంచే. ఆట ఎప్పుడు మొదలవుతుందన్నదే అన్నిటికన్నా పెద్ద కత్తెర అని నాకు నేర్పింది ఆ అమ్మాయి కాగితమే.

వెనక వరుసలోని కుర్రాడు వెంటనే లేచాడు. ‘మేడమ్, మనం అల్లూరిని హీరోగా పెట్టి ఆడితే ఏం తుడుచుకుపోతుంది?’ అన్నాడు. తరగతి ఆగిపోయింది. రాజుతో పాటు పోరాడి, 1924 మే 7న ఆయన చనిపోయాక కూడా పోరు సాగించి, ఆ జూన్‌లో ప్రాణాలిచ్చిన గాం గంటం దొర తుడుచుకుపోతాడు. పట్టుబడి, శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన గాం మల్లు దొర తుడుచుకుపోతాడు. ఆటగాడి చేతిలో రాజు ఒక్కడే ఉంటే, కొండ మీదివారంతా వెనక నడిచే గుంపు అవుతారు. ప్రేమతో తీసిన ఆట కూడా ఆ పని చేస్తుంది. ఆ రోజు పాఠం నేను అనుకున్నచోట ముగియలేదు, అందుకు సంతోషించాను.

ఈ కేసు ఎక్కడ సరిపోదు

అబ్‌స్టెర్గో కథలో ఒక పెద్ద లోపం ఉంది. ప్రతి కత్తిరింపు వెనకా ఒక కుట్రదారు ఉంటాడు. నా అనుభవంలో అలాంటివాడు ఎప్పుడూ ఎదురుకాలేదు. ఎదురయ్యేవి గడువు, బడ్జెట్, ‘పిల్లలకు ఇది బరువు’ అన్న సానుభూతి, ‘పటం గజిబిజిగా ఉంది’ అన్న ఒక్క వాక్యం. కాలువ తీసేయమన్న మనిషి దుర్మార్గుడని నేను అనుకోను. అందుకే అది మరింత కష్టమైన సంగతి, ఎదిరించడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. మెలనీ లెమే పాత్ర మాత్రం ఈ విషయంలో అచ్చంగా నిజం. ఆమె మంచి మనిషి, తన పనిని ప్రేమిస్తుంది.

ఇంకొక లోపం, ఆ ఆఫీసులో ఉన్నంతసేపూ మనం కాదనలేం. చెప్పిన పని చేస్తేనే కథ ముందుకు కదులుతుంది. నోరు లేని విశ్లేషకుణ్ణి తయారు చేసినవారు రాజీనామా బటన్ మాత్రం పెట్టలేదు. ఆటలు జనాన్ని ఇట్టే మార్చేస్తాయన్న ఆ కంపెనీ ధీమాను కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. ఆటను పరీక్షించడానికి పిలిచిన పిల్లలు మేం ఊహించని దారుల్లో ఆడతారు, పాత్రలతో పోట్లాడతారు, చెప్పినదాన్ని నమ్మరు. అయితే వాళ్లు పోట్లాడేది చూపినదానితోనే. తీసేసినదానితో పోట్లాడిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు.

నా పనిలో వచ్చిన మార్పు

ఇప్పుడు నేను చేసే ప్రతి ఆటకూ ఒక తీసివేతల పుస్తకం ఉంటుంది. ఏం తీశాం, ఎవరు తీయమన్నారు, ఏ కారణం చెప్పారు, దీనివల్ల ఆటగాడు ఇక ఏ ప్రశ్న అడగలేడు అన్నవి నాలుగు గళ్లు. నాలుగో గడి నింపకుండా ఏదీ తీయకూడదన్నది నియమం. చాలాసార్లు ఆ గడిలో ‘ఏమీ లేదు’ అనే రాస్తాం. ఒక చెట్టు, ఒక పిల్లి, ఎక్కువైన సంభాషణ. కొన్నిసార్లు ఆ గడి దగ్గర కలం ఆగుతుంది.

ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ పుస్తకం సంగతి చెబుతున్నాను. ఒకరు ఆ షరతు చూసి పని వేరేవారికి ఇచ్చారు. మిగిలినవారు ఒప్పుకున్నారు. కిందటి ఆటలో పద్నాలుగు తీసివేతలు పుస్తకంలోకి ఎక్కాయి. నాలుగో గడి చదివి వినిపించాక మూడింటిని వాళ్లే తిరిగి పెట్టమన్నారు. ఒకటి నేత పని మీది ఆటలో అప్పు చీటీ. ఇంకొకటి అదే ఇంట్లో రాట్నం తిప్పే ముసలమ్మ, ఆమెకు మాటలు లేవని మేమే తీసేశాం. మూడోది చివరి తెర మీద ఆట ఖర్చు ఎవరు పెట్టారో చెప్పే వరుస. మిగిలిన పదకొండు బయటే ఉండిపోయాయి. వాటిలో రెండింటి గురించి మాట్లాడటానికి వచ్చే వారం మళ్లీ వెళుతున్నాను.